బాబుకి ట్యాబ్ ఇస్తే ఇక మాట్లాడడా? ఏ యాప్ పెట్టాలి?

నమస్తే అమ్మా. మీ ప్రశ్న మొత్తం చదివాను. బాబుకి 7 ఏళ్లు, ఆటిజం, రెండో తరగతి. నాలుగైదు మాటలకు మించి రావట్లేదు. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత సెంటర్ మేడమ్ ట్యాబ్‌లో బొమ్మ నొక్కితే మాట పలికే యాప్ పెట్టమన్నారు. మీ అత్తగారేమో "అది అలవాటైతే వాడింక నోరు తెరవడు" అంటున్నారు. హెడ్‌మాస్టరు గారు బడిలోకి ట్యాబ్ తేవద్దన్నారు. వీటన్నిటి మధ్య అసలు ఏ యాప్ పెట్టాలో తేల్చి చెప్పమన్నారు.

నేను స్పీచ్ థెరపిస్టుని. మాట రాని పిల్లలతోనే చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. యాప్ పేర్లు చెబుతాను. కానీ ముందు మీ అత్తగారి భయం సంగతి చూడాలి. ఆవిడ మనసు కుదుటపడకపోతే ఎంత మంచి యాప్ పెట్టినా నెల తిరక్కుండా ట్యాబ్ బీరువా ఎక్కుతుంది.

ఆవిడ భయంలో తప్పేమీ లేదు. ఎవరికైనా మొదట తోచేది అదే. అయితే ఈ ప్రశ్న మీద పరిశోధన బాగానే జరిగింది. ఇలా బొమ్మలు, సైగలు, పరికరాలతో మాట్లాడించే పద్ధతిని ఆగ్మెంటేటివ్ అండ్ ఆల్టర్నేటివ్ కమ్యూనికేషన్ అంటారు, పొట్టిగా ఏఏసీ. అది వాడిన పిల్లల నోటి మాట ఏమైందో చూడడానికి పాత అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టి 2006లో ఒక సమీక్ష వచ్చింది. నమ్మదగ్గ ఆధారాలున్న 27 కేసుల్లో ఒక్కదాంట్లో కూడా ఉన్న మాట తగ్గలేదు. 89 శాతం మందిలో ఎంతో కొంత పెరిగింది, మిగతావాళ్లలో ఉన్నది ఉన్నట్టే ఉంది. 2014లో అమెరికాలో 5 నుంచి 8 ఏళ్ల మధ్య వయసున్న, మాట చాలా తక్కువగా ఉన్న 61 మంది ఆటిజం పిల్లల మీద ఇంకో అధ్యయనం జరిగింది. అందరికీ థెరపీ ఒకటే, కొందరికి మాత్రం మొదటి రోజు నుంచే మాట్లాడే పరికరం కూడా జోడించారు. ఆ పరికరం ఉన్న పిల్లలే, నోటితో గానీ పరికరంతో గానీ, తమంతట తాము ఎక్కువ మాటలు వాడారు. మీ బాబు వయసు, పరిస్థితి సరిగ్గా ఆ పిల్లల్లాంటివే కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఎందుకిలా జరుగుతుందంటే, నోటితో చెప్పు చెప్పు అని అందరూ మీద పడుతుంటే పిల్లాడికి టెన్షన్ పెరుగుతుంది. నాలుక, పెదాలు, ఊపిరి అన్నీ ఒకేసారి కుదరాలంటే వాళ్లకి మామూలు కష్టం కాదు. బటన్ నొక్కగానే పని జరిగితే ఆ ఒత్తిడి దిగుతుంది. పైగా యాప్ ఒకే మాటని ప్రతిసారీ ఒకేలా పలుకుతుంది. అలా విని విని దాన్ని నోటితో అనడానికి ప్రయత్నించే పిల్లలు చాలామందే ఉంటారు. అందరికీ నోటి మాట వస్తుందని నేను హామీ ఇవ్వలేను. రాని పిల్లలకి కూడా మనసులోది చెప్పుకునే దారి మాత్రం ఇప్పుడే దొరకాలి. థెరపీ ఇంకో రెండేళ్లు చూసి, అప్పటికీ మాట రాకపోతే యాప్ సంగతి చూద్దాం అనే సలహా ఇప్పటికీ వినిపిస్తుంటుంది. దాన్ని నేను ఒప్పుకోను. ఆ రెండేళ్లు పిల్లాడు ఆకలేసినా కడుపు నొప్పి వచ్చినా ఏడుపుతోనే చెప్పాలి. అది అర్థం కాక మనం మొండితనం అనుకుంటాం.

ఒక్క మాట, బాబుకి వినికిడి పరీక్ష చేయించారా? బెరా (శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే పరీక్ష) రిపోర్టు లేకపోతే ముందు అది చేయించండి. ఆటిజం అనగానే చెవుల సంగతి మర్చిపోవడం తరచూ జరుగుతుంది.

ఇక యాప్‌లు. మీ ఇంట్లో మాట్లాడేది తెలుగు, బాబు చదివేది తెలుగు మీడియం. కాబట్టి తెలుగు లేని యాప్‌ని ముందే పక్కన పెట్టేయండి. ఇంటర్నెట్‌లో వెతికితే మొదట కనిపించేది ప్రొలొక్వో2గో. నెదర్లాండ్స్ కంపెనీది, 2009 నుంచి ఉంది, నిజంగా గొప్ప యాప్. కానీ ఐప్యాడో ఐఫోనో ఉండాలి, ధర 250 డాలర్ల దగ్గర ఉంటుంది, తెలుగు లేదు. ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడుకునే కుటుంబాలకు, ముఖ్యంగా అమెరికాలో పిల్లలు బడికి వెళ్తున్న మనవాళ్లకు పనికొస్తుంది. మీకు అక్కర్లేదు.

మీరు చూడాల్సినవి రెండు. మొదటిది జెల్లో. ఐఐటీ బాంబేలోని ఐడీసీ డిజైన్ స్కూల్‌లో తయారైంది, పూర్తిగా ఉచితం, తెలుగు ఉంది. తెర మధ్యలో తిండి, రోజువారీ పనులు, ఆటలు, మనుషులు, చోట్లు ఇలా విభాగాలుంటాయి. రెండు పక్కలా ఆరు భావాల బటన్లుంటాయి: ఇష్టం, ఇష్టం లేదు, అవును, కాదు, ఇంకా కావాలి, తక్కువ చాలు అనే అర్థాలతో. ముందు మధ్యలో ఒక బొమ్మ నొక్కి, తర్వాత పక్కనున్న భావం నొక్కితే మొత్తం వాక్యం పలుకుతుంది. రెండు నొక్కులకే పూర్తి వాక్యం వస్తుంది కాబట్టి మొదలుపెట్టే పిల్లలకు సులువు. కాస్త ఎదిగాక సొంతంగా మాటలు పేర్చుకోవాలనుకునే పిల్లలకు మాత్రం అది ఇరుకనిపిస్తుంది.

రెండోది ఆవాజ్. చెన్నైలో అజిత్ నారాయణన్ బృందం అక్కడ వైకల్యం ఉన్న పిల్లల కోసం పనిచేసే విద్యాసాగర్ సంస్థలోని పిల్లలతో కలిసి పని చేసి రూపొందించింది. మొదట విడి పరికరంగా వచ్చింది, తర్వాత యాప్ అయింది. ఈ పనికే ఆయన 2011లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ యువ ఆవిష్కర్తల జాబితాలో చోటు సంపాదించారు. ఇందులో ఒక్కో మాటా నొక్కి వాక్యం కట్టుకోవచ్చు, కీబోర్డు ఉంటుంది, మన ఫొటోలు పెట్టుకోవచ్చు, తెలుగు ఉంది. డబ్బు కట్టాలి, కానీ ముందు కొన్ని రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. నా సలహా ఏంటంటే, ఈ వారమే జెల్లో పెట్టుకుని మొదలుపెట్టండి. ఆవాజ్‌ని థెరపిస్టు పక్కన కూర్చుని ట్రయల్‌లో చూడండి. బాబు రెండు మూడు బొమ్మలు వరసగా నొక్కే సూచనలు కనిపిస్తే దానికి మారండి. అయితే ఒకటి ఎంచుకున్నాక నెలకొకటి మార్చొద్దు. మనం ఫోన్ కీబోర్డు చూడకుండానే టైప్ చేసినట్టు, పిల్లలకి ఏ మాట తెరమీద ఏ మూలనుందో వేళ్లకే అలవాటవుతుంది. బటన్ల చోటు మారిస్తే ఆ అలవాటంతా పోతుంది. అందుకే మొదట్లో తక్కువ మాటలు చాలనుకుంటే మిగతావాటిని కనపడకుండా దాచండి గానీ, ఉన్నవాటిని జరపొద్దు.

గొంతు సంగతి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి టెక్స్ట్ టు స్పీచ్‌లో గూగుల్ తెలుగు గొంతుని డౌన్‌లోడ్ చేసి పెట్టండి. లేకపోతే బడిలో నెట్ లేనప్పుడు ట్యాబ్ మూగబోతుంది.

పెట్టిన వెంటనే యాప్‌లోని మాటల్ని మీ ఇంటి మాటలుగా మార్చండి. ఇది చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో యాప్ ఎంపిక కంటే ఇదే ముఖ్యం. బాబు వాళ్ల నాన్నని బాపూ అని పిలిచే ఇల్లయితే బటన్ మీద "బాపు" అనే ఉండాలి, దాని మీద ఆయన ఫొటో ఉండాలి. తిండి విభాగంలో శాండ్‌విచ్ తీసేసి పప్పు, చారు, పెరుగన్నం, మీ వీధి చివర బండి మీద దొరికే మిర్చిబజ్జీ పెట్టండి. ఇంకోటి, ఇలాంటి యాప్‌లలో "నో" అని ఒక్క బటనే ఉంటుంది. మన పిల్లాడికి అది చాలదు. ఉప్మా పెట్టబోతే "వద్దు" అనాలి, ఇది నీ బ్యాగేనా అంటే "కాదు" అనాలి, పెన్సిల్ ఉందా అంటే "లేదు" అనాలి. మూడు బటన్లు విడివిడిగా పెట్టండి, వాటిలో "వద్దు"ని వేలు అన్నిటికంటే ముందు పడే చోట పెట్టండి.

క్రియల దగ్గర ఒక ఇబ్బంది వస్తుంది. ఇంగ్లిష్‌ని దృష్టిలో పెట్టుకుని మొదలైన యాప్‌లు మాటని మాటగా అంటించుకుంటూ పోతాయి. తెలుగులో వెళ్తాను, వెళ్లాడు, వెళ్దాం అని క్రియ చివర మారుతుంది, బడి అనేది బడికి, బడిలో అవుతుంది. బాబు "బయట", "వెళ్లు" అని నొక్కితే అది తప్పు వాక్యం అని దిద్దకండి. "బయటికి వెళ్దామా? సరే, వెళ్దాం పద" అని మీరు పూర్తిగా అనండి, చెప్పులు వేసుకోండి. విభక్తులు చెవిన పడుతూ పడుతూ వస్తాయి.

ఏ మాటలు ముందు పెట్టాలి అంటే, అందరూ రంగులు, పండ్లు, జంతువుల పేర్లు నింపేస్తారు. ఏనుగు అని ఏడేళ్ల పిల్లాడికి రోజుకి ఎన్నిసార్లు అవసరమవుతుంది? మనం రోజంతా మాట్లాడేదాంట్లో సుమారు 80 శాతం కొన్ని వందల మాటలతోనే గడిచిపోతుందని ఇంగ్లిష్ మీద జరిగిన పరిశోధనలు చెబుతాయి. తెలుగులోనూ గమనించండి: కావాలి, వద్దు, ఇంకా, అయిపోయింది, రా, ఇవ్వు, చూడు, ఆపు, నేను, నువ్వు, ఏంటి, ఎక్కడ. ఇవి అన్నం దగ్గరా పనికొస్తాయి, ఆట దగ్గరా పనికొస్తాయి. వీటితో మొదలుపెట్టండి.

ఇప్పుడు అసలు పని. ట్యాబ్ బాబు చేతికిచ్చి "నీళ్లు నొక్కు, నొక్కితేనే ఇస్తా" అనడం చాలా ఇళ్లలో చూస్తాను. అలా చేస్తే అది ఇంకో పరీక్ష అయిపోతుంది. నెలల బిడ్డతో మనం ఎంత మాట్లాడతాం! వాడు తిరిగి అంటాడని ఎదురు చూడకుండా ఏడాది పాటు మాట్లాడతాం. బొమ్మల భాష కూడా పిల్లాడు ముందు మన దగ్గర చూడాలి. కాబట్టి మొదటి కొన్ని నెలలు ఎక్కువగా నొక్కాల్సింది మీరు. అన్నం పెడుతూ "ఇంకా కావాలా?" అని నోటితో అంటూనే ట్యాబ్ మీద "ఇంకా" నొక్కండి. తినడం అయ్యాక "అయిపోయింది" నొక్కండి. స్నానం దగ్గర, బట్టలు వేసేటప్పుడు, మీకు విసుగొచ్చినప్పుడు కూడా "అమ్మ", "అలసట" అని నొక్కండి. వాడు చూడనట్టే ఉంటాడు, పర్లేదు, చెయ్యండి. మీ అత్తగారిని కూడా ఇందులోకి దింపండి. మనవడితో ఎక్కువసేపు గడిపేది ఆవిడే కదా. ఆవిడ "రా" బటన్ నొక్కినప్పుడు వాడు లేచి వెళ్లిన రోజు, నేనింత రాయాల్సిన అవసరం లేకుండా ఆవిడే నమ్ముతారు.

అడిగాక ఆగాలి. లోపల పది అంకెలు లెక్కపెట్టుకోండి. మనకి రెండు సెకన్లు మౌనంగా ఉంటేనే తోచదు, వెంటనే ఇంకోసారి అడిగేస్తాం. ఆ రెండో ప్రశ్న వినగానే వాడి లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

నా దగ్గరికి వచ్చే ఒక పాప సంగతి చెబుతాను. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండని స్థితి), నాలుగో తరగతి, వేలు నిలవదు, పిడికిలి కణుపుతో నొక్కుతుంది. ట్యాబ్‌ని ఏటవాలు స్టాండ్ మీద పెట్టి, తెర మీద బటన్‌కొక రంధ్రం ఉన్న అక్రిలిక్ పలక బిగించాం. చెయ్యి ఆ పలక మీద ఆనించి, జార్చుకుంటూ వెళ్లి రంధ్రంలోకి కణుపు దించుతుంది. ఆ పాప సొంతంగా వాడిన మొదటి మాట "వద్దు". పొద్దున టిఫిన్ దగ్గర ప్రతిరోజూ వద్దు. వాళ్లమ్మకి బాధేసింది, ఇందుకేనా యాప్ పెట్టింది అని. ఆ అమ్మ మాత్రం నా మాట విని, వద్దన్న రోజు గిన్నె పక్కన పెట్టి ఇంకేం కావాలో చూపించమంది. తన మాట చెల్లుతోందని అర్థమయ్యాకే ఆ పాప మిగతా బటన్ల జోలికి వెళ్లింది. మీ బాబు కూడా ముందు వద్దనే మొదలుపెట్టొచ్చు. మందులు, బడి లాంటివి తప్పవు, అవి తప్పవని చెప్పండి. మిగతా వాటిల్లో వాడి "వద్దు"ని గౌరవించండి.

అలాగే శరీర భాగాల పేర్లు, "నొప్పి", "నన్ను ముట్టుకోవద్దు", "వాడు కొట్టాడు", "అమ్మకి చెప్పాలి" అనే బటన్లు తప్పకుండా ఉండాలి. నోటితో చెప్పలేని పిల్లల మీద చెయ్యి వేసేవాళ్లు వీడెలాగూ చెప్పలేడనే ధైర్యంతోనే వేస్తారు. ఈ మాటలు పెట్టడానికి మొహమాటపడకండి, వాటిని ఎలా నొక్కాలో కూడా నేర్పండి.

ట్యాబ్ విషయం క్లుప్తంగా. మామూలు ఆండ్రాయిడ్ ట్యాబ్, 10 అంగుళాల తెర ఉన్నది చాలు. పట్టుకునే పిడి ఉన్న రబ్బరు కవర్, మెడకో భుజానికో తగిలించుకునే బెల్టు తీసుకోండి. ఆ ట్యాబ్‌లో యూట్యూబ్, గేమ్‌లు ఉండకూడదు. వాటికి కావాలంటే మీ ఫోన్ ఇవ్వండి. యాప్ నుంచి బయటికి రాకుండా ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ పిన్నింగ్, ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్ ఉంటాయి. అల్లరి చేశాడని ట్యాబ్ లాక్కోవద్దు. మాట్లాడే పిల్లాడు అల్లరి చేస్తే వాడి నోటికి ప్లాస్టర్ వెయ్యం కదా. చార్జింగ్ అయిపోయిన రోజు కోసం అవే బొమ్మలు కాగితం మీద ప్రింట్ తీసి, లామినేషన్ చేయించి బ్యాగులో పెట్టండి. స్పెయిన్‌లోని అరగాన్ ప్రభుత్వం నడిపే అరసాక్ వెబ్‌సైట్‌లో వేల బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి. ట్యాబ్ కొనడానికి ఇంకా డబ్బు కుదరకపోయినా ఈ కాగితం బోర్డుతో రేపే మొదలుపెట్టొచ్చు.

హెడ్‌మాస్టరు గారితో గొడవ పడకండి, కాగితం మీద అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్, మాట, భాష ఇబ్బందులున్న పిల్లల కోసం ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతుల్ని ప్రోత్సహించాలని ప్రభుత్వం మీద బాధ్యత పెట్టింది. 16వ సెక్షన్ ప్రకారం బడి ఆ పిల్లాడి అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేసి, కావాల్సిన తోడ్పాటు ఇవ్వాలి. ఒక పేజీ లెటర్ రాసి, దానికి యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) కాపీ, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న స్పీచ్ థెరపిస్టు సర్టిఫికెట్ జత చేయండి. సర్టిఫికెట్‌లో "ఇది వినోద వస్తువు కాదు, మాట్లాడే సాధనం" అన్న వాక్యం ఉండేలా చూసుకోండి. ఒక కాపీ ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి ఇవ్వండి. భవిత సెంటర్ మేడమ్‌ని వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది, బడి వాళ్లకి ఆవిడ తెలిసిన మనిషే అయి ఉంటారు.

ఒప్పుకున్నాక టీచరు గారికి పని పెరుగుతుందనే భయం ఉంటుంది. అది తీర్చండి. చిన్న చిన్న చోట్లతో మొదలుపెట్టించండి: హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ టీచర్" బటన్, "అర్థం కాలేదు", "మళ్లీ చెప్పండి", "నేను చెప్తా", "బాత్‌రూమ్". పద్యం అప్పజెప్పించే రోజుంటే నాలుగు పాదాలు నాలుగు బటన్లలో పెట్టండి. వాళ్ల అన్నయ్యో, తోటి పిల్లాడో చదివి రికార్డ్ చేస్తే ఇంకా బాగుంటుంది. క్లాసు చెబుతుంటే బాబు పాదం పాదం నొక్కుతాడు. రేపటి పాఠంలో ముఖ్యమైన రెండు మూడు మాటలు ముందు రోజు వాట్సాప్‌లో పంపమని టీచరు గారిని అడగండి, వాటిని మీరు ఇంట్లో ఎక్కించి పంపండి. క్లాసు గోలలో ట్యాబ్ స్పీకర్ వినపడదు, చిన్న బ్లూటూత్ స్పీకర్ తగిలించండి. పక్క బెంచీ పిల్లల్ని ఆ ట్యాబ్ మీద బాబుతో మాట్లాడనివ్వండి. పెద్దవాళ్ల కంటే వాళ్లు తొందరగా పట్టేస్తారు.

ఒక హెచ్చరిక. బాబు చెయ్యో మోచెయ్యో పట్టుకుని అక్షరాలు నొక్కిస్తూ, వాడే పేరాలకి పేరాలు రాస్తున్నాడని చూపించే పద్ధతుల జోలికి వెళ్లకండి. పరీక్షించి చూస్తే ఆ రాతలు పిల్లాడివి కాక పట్టుకున్నవాళ్లవే అని తేలింది. అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం ఆశా 2018లో ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అనే ఈ చెయ్యి పట్టి నొక్కించే పద్ధతిని వాడొద్దని స్పష్టంగా ప్రకటించింది, అక్షరాల బోర్డుని ఎదుట ఇంకొకరు పట్టుకుని చేయించే ర్యాపిడ్ ప్రాంప్టింగ్ మెథడ్‌ని కూడా సిఫారసు చెయ్యలేదు. మొదట్లో చెయ్యి పట్టి చూపించడం వేరు. బాబు ఏం చెప్పాలో బాబే ఎంచుకోవాలి, తన వేలితోనే నొక్కాలి.

చూపించుకోవడానికి మీకు దగ్గర జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి చూసే కేంద్రం) ఉంటే అక్కడ అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, మాట, వినికిడి ఇబ్బందులు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే. ఒకసారి వెళ్తే రెండు చోట్లా పని అవుతుంది. ఆటిజం ఉన్న పిల్లలకి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, అందులో థెరపీ ఖర్చులకీ కొంత ఇస్తారు. ఇంకా తీసుకోకపోతే వెంటనే అప్లై చేయండి.

మీ ప్రశ్నలో రెండు విషయాలు రాయలేదు. బాబు ఒక్క వేలితో చూపించగలడా, లేక అరచెయ్యి మొత్తం ఆనిస్తాడా? ఇప్పుడు తనకి ఏదైనా కావాలంటే మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడా, ఏడుస్తాడా, చూపుతో చెబుతాడా? ఇవి రాస్తే తెరమీద ఎన్ని బటన్లు, ఎంత సైజులో పెట్టాలో, ముందు ఏ పన్నెండు మాటలు ఎక్కించాలో మీ ఇంటికి సరిపోయేలా చెబుతాను.